గోడకంటిన నీడలు

పొద్దున్న కాఫీల వేళకి బొమ్మ రాకపోతే నీలవేణికి ఫోన్లు మొదలయ్యేవి. తెనాలిలో ఒక రిటైర్డు డ్రాయింగు మాస్టారు, ఆదోనిలో ఒక నర్సు, దుబాయిలో క్రేను నడిపే ఒకాయన, ఇలాంటివాళ్ళు కొన్ని వేలమంది ఆమె నడిపే ‘రోజుకో బొమ్మ’ వెబ్‌సైటుకి అలవాటు పడిపోయారు. ఒకరోజు అరకులో విరగబూసిన వలిసెపూల ఫోటో, ఒకరోజు బొబ్బిలి వీణ చెక్కుతున్న చేతులు, ఇంకోరోజు ఎవరో పేరు తెలియని చిత్రకారుడు వేసిన చేపల బజారు. నీలవేణి ఆ బొమ్మని వందల ముక్కలుగా కోసి, కలగాపులగం చేసి తెరమీద పోసేది. జనం వేలితో ఒక్కొక్క ముక్కనీ జరుపుకుంటూ అతికించేవారు. ఆదివారాలు మరీ పెద్ద బొమ్మ పెట్టేది. దాన్ని ఎక్కడెక్కడివాళ్ళో కలిసి పేర్చేవారు. ఒకరు ఆకాశం పట్టుకుంటే ఇంకొకరు చెట్లు పట్టుకునేవారు.

ఆమె భర్త చిన్నంనాయుడికి ఈ ఆట అంటే నవ్వు. “మంచి బొమ్మని చింపి జనానికి ఇస్తావు, మళ్ళీ అతికించమని బతిమాలతావు” అనేవాడు. అతను విశాఖకి అవతల, సముద్రం ఒడ్డున ఉన్న ఒక మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు ఇన్‌ఛార్జి. మనిషి బాగా పొడుగు. మెడ కొంచెం ముందుకు వంచి నడుస్తాడు.

ఆ వేసవిలో ఒక సాయంత్రం ఫ్యాక్టరీ మూడో బ్లాకు పేలిపోయింది. లోపలున్న ఐదుగురిలో ఒక్కరూ మిగల్లేదు. చిన్నంనాయుడూ వాళ్ళలోనే పోయాడు.

ఫ్యాక్టరీవాళ్ళు వేసుకున్న కమిటీ రిపోర్టు తొందరగానే వచ్చింది. షిఫ్టు ఇన్‌ఛార్జి తన స్థానం వదిలి వెళ్ళిపోయాడనీ, వాల్వు తిప్పే దిక్కులేక ప్రమాదం జరిగిందనీ, అత్యవసర ద్వారం తెరిచే ఉన్నా పనివాళ్ళు కంగారులో అటు వెళ్ళలేదనీ అందులో రాశారు. కార్మికుల కాలనీలో ఆ మాట ఇంటింటికీ పాకింది. అదే బ్లాకులో హెల్పరుగా చేసి చనిపోయిన దాలయ్య భార్య గౌరమ్మ, చావునాడు నీలవేణిని పట్టుకుని ఏడ్చిన మనిషే, రిపోర్టు వచ్చిన మర్నాడు కుళాయి దగ్గర నీలవేణి బిందె పెట్టగానే తన బిందె తీసుకుని వెనక్కి వెళ్ళిపోయింది.  ఏమన్నా అంటే బాగుండునని నీలవేణికి అనిపించింది.

అత్త నరసమ్మ మాత్రం వీధిలో నిలబడి అరిచింది. “నా కొడుకు పారిపోయే రకం కాదు. అలాగన్నోళ్ళ నోట్లో పురుగులు పడతాయి.”

కొన్నాళ్ళు మూతపడిన వెబ్‌సైటుని నీలవేణి మళ్ళీ తెరిచింది. దానిమీద వచ్చే ప్రకటనల డబ్బుతో ఇల్లు గడవాలి, బుర్రకీ ఏదో ఒక పని ఉండాలి. మొదటిరోజు భీమిలి తీరంలో ఆరేసిన వలల ఫోటో పెట్టింది. ఆ రోజే ఒక ఉత్తరం వచ్చింది.

“నా పేరు రుఖియా. రోజూ మీ బొమ్మ పూర్తిచేశాకే కాఫీ తాగే మనిషిని. పింగాణీ, గాజుల మీద పరిశోధన చేసే ల్యాబులో పనిచేస్తున్నాను. మీవారు పోయిన బ్లాకు గోడ టైళ్ళ ముక్కలు నా దగ్గర ఉన్నాయి. వాటిలో ఒకటి మీరు చూడాలి. ఒంటరిగా మాత్రం రావద్దు.”

నీలవేణి అత్తని తోడు తీసుకుని వెళ్ళింది.

రుఖియాకి యాభై దాటి ఉంటాయి. మాట మెత్తన, నడక చురుకు. వాళ్ళని ఒక చీకటి గదిలో కూర్చోబెట్టి, అరచేతిలో పట్టేంత తెల్ల టైలు ముక్కని చిన్న పొయ్యిలో పెట్టింది. పొయ్యి ముందు దళసరి అద్దం ఉంది.

“పేలుడు ఎంత వేడి పుట్టించిందో లెక్కకట్టమని బీమావాళ్ళు ఈ ముక్కలు పంపించారు” అంది. “మొదటిది వేడిచేసినప్పుడు నేను చూసినదాని మీద నాకే నమ్మకం కలగలేదు. ఇప్పుడు కళ్ళార్పకుండా చూడండి. ఒక్కసారే వస్తుంది.”

పొయ్యి వేడెక్కింది. టైలు మీది నున్నటి పూత లేత నీలంగా వెలగడం మొదలుపెట్టింది. వెలుగు అంతటా పరుచుకోలేదు. ఒక అంచు నల్లగా మిగిలింది. ఆ నలుపు మెల్లగా ఒక ఆకారానికి వచ్చింది. పక్కకి తిరిగిన మనిషి ముక్కు, దాని కింద గెడ్డం.

నరసమ్మ అద్దానికి ముఖం ఆనించింది. “ఎవులిదే అది? వేణీ, ఎవులిదే?”

వెలుగు సన్నగిల్లి ఆరిపోయింది. పొయ్యిలో మామూలు తెల్లముక్క మిగిలింది.

“మళ్ళీ సూపించు తల్లీ. నాకు సరిగా ఆనలేదు.”

“మళ్ళీ రాదమ్మా” అంది రుఖియా.

లైటు వేసి, వాళ్ళకి మంచినీళ్ళిచ్చి చెప్పింది. ఆ టైళ్ళ పూతలో కలిపిన ఒక రకం మట్టికి విచిత్రమైన గుణం ఉంది. మామూలు వెలుగు దానిమీద నిలవదు. పేలుడులాంటి భయంకరమైన మెరుపు ఒక్కసారి తాకితే లోపలికి దిగబడి అక్కడే ఉండిపోతుంది. వేడిచేసినప్పుడు బయటికి వచ్చేస్తుంది. మెరుపుకీ గోడకీ మధ్య ఏది అడ్డుంటే దాని నీడ పడినచోట వెలుగు దిగలేదు కాబట్టి అక్కడ నల్లగా ఉంటుంది.

“అంటే పేలిన క్షణంలో ఆ గదిలో ఎవరెక్కడ ఉన్నారో గోడమీద ఉందన్నమాట” అంది నీలవేణి.

“ఉంది. గోడే ముక్కలైపోయింది. అంచులు నలిగిపోయాయి. కంప్యూటరుతో పేర్పిస్తే తెలుపు పక్కన ఏ తెలుపైనా అదే అంటోంది. మీ బొమ్మలు పేర్చేవాళ్ళకైతే ఎక్కడ భుజం ఉందో, ఎక్కడ మోచెయ్యి ఉందో చూడగానే తెలుస్తుంది. అందుకే పిలిచాను.” రుఖియా పొయ్యి తలుపు మూసింది. “ఇంకో చిక్కుంది. మొదటి ముక్కలో నాకు నాలుగు వేళ్ళు కనిపించాయి. నేనొక్కదాన్నే చూశాను. ఎవరికైనా చెబితే ఏమంటారు? ముక్కని వేడిచేసి చదివితే చెరిగిపోతుంది. తర్వాత ఫ్యాక్టరీవాళ్ళు ఇదంతా మనం గీసుకున్నదే అంటారు.”

నీలవేణి తల వంచుకుని ఆలోచించింది. “మనం చదివి తర్వాత జనానికి చూపిస్తే అంటారు మేడమ్. పొయ్యిలో వెలిగిన క్షణంలోనే అందరి తెరలమీదా కనబడితే? మధ్యలో నేనూ ఉండను, మీరూ ఉండరు. కొన్నివేలమంది సాక్షులు.”

“అలా చేస్తే ఏం వస్తే అది వస్తుంది. వెనక్కి తీసుకోలేం. తెలుసా?”

“తెలుసు.”

నరసమ్మ కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. “కానీయండి. నా కొడుకు తప్పు సెయ్యలేదని లోకమంతా సూడాలి.”



అప్పటికే ప్రభుత్వం ఒక రిటైర్డు జడ్జిగారితో విచారణ సంఘం వేసింది. నీలవేణి ఆయనకి అర్జీ పెట్టుకుంది. పింగాణీలో నీడలేమిటని ఆయన గుమాస్తా నవ్వాడు. జడ్జిగారు నవ్వలేదు. తన మనిషి సమక్షంలో ముక్కలు ఏరుకోవచ్చని, ఏరినవాటికి సీలు వెయ్యాలని రాసిచ్చారు.

మూడో బ్లాకు శిథిలాలని ఫ్యాక్టరీ లారీలు ఒక పాత రాతి క్వారీలో పారబోశాయి. టైలు ముక్కలకి ఎండ తగిలితే లోపలి వెలుగు కారిపోతుంది. గుట్ట పైపైన ఉన్నవన్నీ అప్పటికే పోయినట్టే. లోపలివి దక్కాలంటే నల్ల టార్పాలిన్ కప్పుకుని, దానికింద ఎర్ర బల్బు వెలుగులో ఏరాలి. రోహిణికార్తె ఎండలు. టార్పాలిన్ కింద దూరిన నీలవేణికీ, నరసమ్మకీ, రుఖియాకీ కాసేపటికే ఒళ్ళంతా ముద్దయిపోయేది. రుఖియా ల్యాబు పెద్దలు ఈ పని మానుకొమ్మని చెప్పారు. ఆవిడ సెలవు పెట్టి వచ్చింది.

నీలవేణి గౌరమ్మ ఇంటికి వెళ్ళింది. గౌరమ్మ గడప దిగలేదు.

“నీ మొగుడి మచ్చ కడుక్కోడానికి మా ఆయన్ని పొయ్యిలో ఎట్టి సూస్తావా అక్కా?”

“నీకేం జరిగిందో తెలుసుకోవాలని లేదా గౌరీ?”

గౌరమ్మ పైటకొంగు వేలికి చుట్టుకుంది. “ఒక్క మాటివ్వు. నీ మొగుడి తప్పు బయటపడినా దాయకూడదు. ఒక్క ముక్క కూడా దాయకూడదు.”

“దాచను.”

మర్నాడు గౌరమ్మ వచ్చింది. మిగతా ముగ్గురి ఇళ్ళ ఆడవాళ్ళనీ వెంటబెట్టుకొచ్చింది. వాళ్ళు నరసమ్మకి ఎడంగా కూర్చున్నారు. టార్పాలిన్ కింద ఎడం ఎంతసేపని ఉంటుంది! ఒకరి మోకాళ్ళు ఒకరికి తగులుతూ, ఒకే సీసాలో నీళ్ళు తాగుతూ, వేళ్ళు కోసుకుంటూ ఏరారు. ఏరిన ముక్కని ఏరినట్టు నల్లసంచిలో వెయ్యడం, జడ్జిగారి మనిషి సీలు వెయ్యడం. అలా బస్తాల మీద బస్తాలు నిండాయి.

పేర్చేవాళ్ళకి చెప్పాలా వద్దా అన్నది మిగిలింది. రుఖియా తటపటాయించింది. “చెబితే సగంమంది పోతారేమో. మామూలు నీడల బొమ్మ అనుకుని పేరుస్తారులే.”

“చచ్చిపోతున్న మనుషుల నీడలు మేడమ్ అవి. తెలియకుండా వాళ్ళ చేతికి ఎలా ఇస్తాను?” అంది నీలవేణి. ఆ రాత్రే సైటులో రాసి పెట్టింది. “రేపటినుంచి వచ్చేది అందమైన బొమ్మ కాదు. ఒక ప్రమాదంలో పోయిన ఐదుగురి ఆఖరి క్షణం. అందులో నా భర్త ఉన్నాడు. పేర్చడం ఇష్టంలేనివాళ్ళకి పక్కనే రోజూ ఇచ్చే బొమ్మ ఉంటుంది. పేర్చేవాళ్ళకి ఒకటే మనవి. మీకు కనబడిందే అతికించండి. కనబడాలని మీరనుకున్నది వద్దు.”

తిట్టినవాళ్ళు తిట్టారు. పొద్దున్నే శవాలేమిటని ఒకావిడ శాశ్వతంగా సెలవు తీసుకుంది. ఆదోని నర్సు మాత్రం ఒక్క ముక్క రాసింది. “నేనుంటాను. డ్యూటీ అయ్యాక వస్తాను.” తెనాలి డ్రాయింగు మాస్టారు నీడలు చూడడం ఎలాగో కొత్తవాళ్ళకి ఓపిగ్గా చెప్పడం మొదలుపెట్టారు.

జడ్జిగారి కాగితం చూపించాక ల్యాబువాళ్ళు ఇచ్చిన చీకటి గదిలో, పోయినవాళ్ళ ఇళ్ళ ఆడవాళ్ళందరూ తెర ముందు కూర్చోగా, పొయ్యి ముందు కెమెరా బిగించారు. జడ్జిగారి మనిషి సీలు తీసి ఇచ్చిన ముక్కని రుఖియా లోపల పెట్టేది. ముక్క నీలంగా వెలిగేది, వెలిగినట్టే వేల తెరలమీదికి వెళ్ళేది, ఆరిపోయేది. చాలా ముక్కలు అసలు వెలగలేదు. ఎండ వాటిని తినేసింది. వెలిగినవి రోజురోజుకీ కుదురుకున్నాయి. మొదట గొట్టాలు కుదిరాయి, తర్వాత ఒక స్టూలు, గోడకి తగిలించిన చొక్కా. 

తర్వాత మనుషులు రావడం మొదలైంది.

అత్యవసర ద్వారం దగ్గర ఒక ఇనుప మడతగేటు ఉండేది. దాని వెనకాల నడవా గోడకీ అవే తెల్లటైళ్ళు. గేటు మడిచి ఉంటే ఆ గోడమీద దాని నీడే ఉండకూడదు. దుబాయి క్రేను ఆపరేటరు రెండు ముక్కలు కలిపేసరికి డైమండు గళ్ళు వచ్చాయి. ఇంకో నాలుగు ముక్కలకి గళ్ళు గోడంతా అల్లుకున్నాయి. గేటు మూసి ఉంది. ఆదోని నర్సు ఒక చిన్నముక్క తెచ్చి గళ్ళ మధ్య పెట్టింది. గొలుసు. గొలుసు చివర తాళంకప్ప.

రుఖియా తెర వైపు వంగింది. “తెరిచే ఉందని రాశారే!” అంది. గౌరమ్మ తెర దగ్గరికి వెళ్ళి తాళంకప్ప మీద వేలు పెట్టింది. “తాళమేసి సంపేసినారు” అంది. వేలు తియ్యకుండానే మళ్ళీ అంది. “తాళమేసినారు.”

గేటు ముందు నలుగురి నీడలున్నాయి. ముగ్గురు గేటు పట్టుకుని ఉన్నారు. నాలుగో నీడ అందరికంటే పొడుగు. మెడ ముందుకి వంగి ఉంది. నీలవేణి చూసిన వెంటనే పోల్చుకుంది.  వాల్వు దగ్గర ఉండాల్సినవాడు గేటు దగ్గర ఉన్నాడు. రిపోర్టులో ఆ ఒక్క మాట అబద్ధం కాదు.

ఐదోవాడి కోసం ఇంకో రెండు రోజులు పట్టింది. వాల్వు చక్రం నీడ, దానిమీద రెండు చేతులు, వంగిన నడుము, కింద వంకర తిరిగిన కాళ్ళు.

“దొడ్డికాళ్ళు” అంది గౌరమ్మ. “అయి మా ఆయన కాళ్ళే. పిల్లలందరూ ఎక్కిరించేవోళ్ళు.” ఏడుస్తూనే, గర్వంగా నరసమ్మ వంక చూసింది. తర్వాత ఆమె ముఖం మారిపోయింది. నీలవేణి వైపు తిరిగింది. “అక్కా, మా ఆయన్ని అక్కడ నిలబెట్టీసి నీ మొగుడు ఎల్లిపోనాడా?”



“తెలీదు గౌరీ” అంది నీలవేణి. “అక్కడ లేడు. అంతవరకూ నిజం.”

చిన్నంనాయుడి కుడిచెయ్యి పైకెత్తి ఉంది. మోచెయ్యి దాకా తెలుస్తోంది. అక్కడినుంచి పైకి ఆవగింజంత నీడ కూడా లేదు. ఆ భాగం ముక్కలు ఎండలో పడి ఉండాలి. వాళ్ళు బస్తాలన్నీ చివరిదాకా చదివేశారు. ఆ చేతిలో తాళం పగలగొట్టే గునపం ఉందో, ఖాళీ చేత్తో గేటు బాదుతున్నాడో, మెరుపుకి కళ్ళు కప్పుకున్నాడో చెప్పే ముక్క రాలేదు. అందరూ చూసే బొమ్మలో అక్కడ తెల్లగా ఒక బెజ్జం మిగిలిపోయింది.

నాలుగురోజుల తర్వాత సైటులో బొమ్మలు పేర్చే ఒకాయన ఆ బెజ్జాన్ని కంప్యూటరుతో పూరించి ఇంటర్నెట్టులో పెట్టాడు. చేతిలో గునపం. తాళంమీదికి ఎత్తిన గునపం. బాగా కుదిరింది. చూసినవాళ్ళకి ఒళ్ళు గగుర్పొడిచింది. సాయంత్రానికల్లా టీవీల్లో వచ్చింది. ‘నలుగురి కోసం గునపమెత్తిన వీరుడు’ అన్నారు. కాలనీలో జనం నరసమ్మ దగ్గరికి వచ్చి దండం పెట్టారు. కుర్రాళ్ళు ఆ బొమ్మని బ్యానరుగా వేయించి వీధి మొదట కట్టారు. నరసమ్మ దానికింద నిలబడి కొడుకు ముఖం లేని నీడని నిమిరింది.

నీలవేణి బ్యానరు చూసి లోపలికి వచ్చి కంప్యూటరు ముందు కూర్చుంది.

“ఏటి రాస్తున్నావు?” అని అడిగింది నరసమ్మ.

“ఆ గునపం ముక్క మాకు రాలేదని.”

“ఎందుకే?”

“రాలేదు కాబట్టి.”

“ఇన్నాళ్ళూ నా కొడుకుని దొంగోడన్నట్టు సూసినారు. ఈవేళ దండాలెడుతున్నారు. నువ్వు సేతులారా అది తీసేస్తావా? ఆడి సేతిలో గునపం లేదని నీకు తెలుసా?”

“తెలీదత్తా. ఉందనీ తెలీదు.”

“ఉండే ఉంటాది!”

“ఉండే ఉంటుంది. నాకూ అలాగే ఉండాలని ఉంది.” నీలవేణి టైపు చెయ్యడం ఆపలేదు.  “ఒక్క ముక్క మనం కల్పించామని తేలితే గొలుసూ కల్పించిందే అంటారు, తాళంకప్పా కల్పించిందే అంటారు. దాలయ్య చేతులూ కల్పించినవే అంటారు. దాచనని గౌరికి మాటిచ్చాను. లేనిది చూపించనని చెప్పలేదు గానీ, అదీ ఇదీ ఒకటే.”

“నీకు మొగుడి కంటే గౌరి ఎక్కువైపోనాదా?”

నీలవేణి తను రాసింది సైటులో పెట్టింది. తర్వాత బయటికెళ్ళి, స్టూలు వేసుకుని, బ్యానరు తాళ్ళు తనే విప్పింది. కుర్రాళ్ళు అడ్డం రాబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయారు.

ఆ రోజునుంచి నరసమ్మ కోడలితో మాట్లాడటం మానేసింది. అన్నం పెడితే తినేది. పెట్టకపోతే అడిగేది కాదు. ఇంట్లో ఇద్దరే మనుషులు. నీలవేణి వంటింట్లో ఒకసారి అత్తా అని పిలిచి, జవాబు రాక, తనే లేచి ఉప్పు తెచ్చుకుంది. మొండిగా తన పని తను చేసుకుపోయింది. రోజూ బొమ్మ పెట్టింది. జడ్జిగారికి ఇవ్వాల్సిన కాగితాలు రుఖియాతో కూర్చుని తయారు చేసుకుంది. ఒక్కోసారి పని మధ్యలో ఆ తెల్లటి బెజ్జం తెరిచి చూసేది. గునపం ఊహించుకుంటే ఊరటగా ఉండేది. వెంటనే మూసేసేది.

విచారణ రోజున వీధిలో ఆటో ఆగింది. అందులో గౌరమ్మ కూర్చుని ఉంది.

“ఎక్కక్కా” అంది. “నువ్వు బానరు ఇప్పినావని సెప్పినారు.” నీలవేణి ఎక్కి కూర్చుంది.  నరసమ్మ వెనక బస్సులో వచ్చింది.

హాలు కిటకిటలాడింది. గోడమీద పెద్ద తెర వేసి నీడల బొమ్మ చూపించారు. రుఖియా టైళ్ళ సంగతి చెప్పింది. ముక్క వెలిగినప్పుడు తామూ చూశామని ప్రమాణపత్రాలు ఇచ్చినవాళ్ళ పేర్లు చదవడానికే చాలాసేపు పట్టింది. ఫ్యాక్టరీ తరఫు వకీలు నిదానంగా లేచాడు. టీవీలో వచ్చిన గునపం బొమ్మ తీసి, సాక్షి స్థానంలో ఉన్న నీలవేణికి చూపించాడు.

“ఇదీ మీవాళ్ళు పేర్చిందే కదమ్మా?”

“కాదండి. అది ఒకాయన ఊహించి వేసింది. ఆ ముక్క మాకు దొరకలేదు. అది టీవీలో వచ్చిన రోజే మేం ఆ మాట రాసి పెట్టాం.”

వకీలు చేతిలో కాగితం తిరగేశాడు. ఆయన ఎదురు చూసిన జవాబు అది కాదని నీలవేణికి తెలిసింది.

“పోనీ. మీ ఆయన తన స్థానంలో లేడు. ఒప్పుకుంటారా?”



“లేరండి. గేటు దగ్గరున్నారు.”

“ఎందుకు వెళ్ళాడు?”

“తెలియదండి.”

“చేతిలో ఏముంది?”

“తెలియదండి.”

జడ్జిగారు కళ్ళజోడు తీశారు. “మీకేమనిపిస్తోందమ్మా?”

“నాకనిపించేది చెప్పడానికి రాలేదండి. కనబడింది చెప్పడానికి వచ్చాను.”

“అయ్యా, ఇన్‌ఛార్జి పారిపోయాడని వాళ్ళ సాక్షే ఒప్పుకున్నట్టయింది” అంటూ వకీలు జడ్జిగారి వైపు తిరిగాడు. “మా క్లయింటు రిపోర్టులో రాసింది అక్షరాలా...”

“బాబూ!”

వెనక బెంచీలోంచి నరసమ్మ లేచింది. గుమాస్తా కూర్చోమని సైగచేశాడు. ఆమె కూర్చోలేదు. జనాన్ని తప్పించుకుంటూ ముందుకొచ్చింది.

“నాను ఆడి తల్లిని. పారిపోనాడంటన్నావు. సరే బాబూ, పారిపోనాడే అనుకో. బయానికి పరిగెట్టినాడే అనుకో. మనిసన్నోడు పరిగెట్టడా? మరి తలుపు కాడికి ఎల్లినోడు తలుపు కాడే ఎందుకు సచ్చిపోనాడు? ఆడి సేతిలో ఏటుందని అందరూ అడుగుతున్నారు. నానూ అడిగినాను, నా కోడలితో మాటాడ్డం మానీసినాను. ఆ తాళంసెవి ఎవులి సేతిలో ఉందో ఒక్కరూ అడగరేటి?”

ఎవరూ ఆమెని కూర్చోమనలేదు. జడ్జిగారు వకీలు వంక చూడకుండా, మొదటి వరసలో కూర్చున్న ఫ్యాక్టరీ మేనేజరు వంక చూశారు.

“చెప్పండి. తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?”

మేనేజరు మంచినీళ్ళు అడిగాడు.

ఆ ప్రశ్నకి పూర్తి జవాబు రాబట్టడానికి సంఘానికి ఇంకా చాలా నెలలు పట్టింది. పనివాళ్ళు మధ్యలో బయటికి పోకుండా షిఫ్టు మొదలవగానే ఆ గేటుకి తాళం వెయ్యమని పై నుంచి వచ్చిన ఆజ్ఞ సంగతి బయటపడింది. వాల్వు ఒక్కరి చేత తిరిగేది కాదని, చాలాకాలంగా బిగుసుకుపోయి ఉందని కూడా తేలింది. తుది నివేదికలో ప్రమాదానికి, ఐదు చావులకి బాధ్యత ఫ్యాక్టరీదే అని రాశారు. షిఫ్టు ఇన్‌ఛార్జి తన స్థానంలో లేడన్న వాక్యాన్ని మాత్రం తియ్యలేదు. తియ్యమని నీలవేణీ అడగలేదు.

విచారణ రోజు మధ్యాహ్నం భోజనానికి ఆపినప్పుడు ముగ్గురూ ఆ భవనం వెనక మెట్లమీద కూర్చున్నారు. గౌరమ్మ డబ్బా తెరిచింది. పులిహోర, వేయించిన మిరపకాయలు. మూతలో కొంత తీసి ముందు నరసమ్మకి పెట్టింది. నరసమ్మ నాలుగు ముద్దలు తిన్నాక, చాలా రోజుల తర్వాత కోడలి వైపు తిరిగింది.

“వేణీ, వకీలు మళ్ళీ అడిగితే ఏటంటావు? ఆ సెయ్యి గురించి?”

“తెలీదనే అంటానత్తా.”

“అలగే అను.” నరసమ్మ మిరపకాయ కొరికి, నీళ్ళు తాగి, కళ్ళు తుడుచుకుంది. “నువ్వు తెలీదనే సెప్పు. నాను గునపం ఉందనే అనుకుంటాను. ఒక ఇంట్లో రెండూ ఉండొచ్చు.”

నీలవేణి డబ్బాలోంచి ఇంకో ముద్ద తీసి అత్త మూతలో వేసింది. లోపల గంట మోగింది. ముగ్గురూ చేతులు కడుక్కుని లేచారు.